మనం గెలిచాం, వాళ్ళు ఓడిపోయారు

తెలుగు వ్యాకరణం నాకు బళ్ళో ఎక్కలేదు. ఉత్తమ పురుష బహువచనం గురించి నాకు తెలిసిందంతా న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ నగరంలో, మౌంట్ రాస్కిల్‌లో, మా బావ సోఫా మీద కూర్చుని ఫుట్‌బాల్ చూస్తూ నేర్చుకున్నదే.

ఇంగ్లీషువాడికి ‘వుయ్’ ఒక్కటే. వినేవాణ్ణి కలుపుకున్నా అదే, గుమ్మం బయట నిలబెట్టినా అదే. మనకు రెండున్నాయి. ‘మేం భోంచేస్తాం’ అంటే నీకు విస్తరి లేదని. ‘మనం భోంచేద్దాం’ అంటే చెయ్యి కడుక్కుని రమ్మని. ఇంత సున్నితమైన తేడాను తాతముత్తాతల నుంచి చెక్కుచెదరకుండా కాపాడుకొచ్చిన భాష మనది. దాన్ని ఫుట్‌బాల్ అభిమాని వారానికోసారి ఎలా తగలేస్తున్నాడో చెప్పుకుందాం.

మా బావ సూత్రం చాలా చిన్నది. జట్టు గెలిస్తే ‘మనం’. డ్రా అయితే ‘మనవాళ్ళు’. ఓడితే ‘వాళ్ళు’. చిత్తుగా ఓడితే ‘వీళ్ళు’. ఈ చివరి మాట అనేటప్పుడు వేలు టీవీ వైపు ఉంటుంది, పోలీస్ స్టేషన్లో దొంగను గుర్తుపట్టి చూపిస్తున్నట్టు.

బావకు క్లబ్బులు రెండు. ఒకటి మాంచెస్టర్ యునైటెడ్. అది హైదరాబాద్ హాస్టల్లో ఉన్నప్పుడు పక్క మంచం కుర్రాడి నుంచి అంటుకుంది, గజ్జిలాగా. ఇప్పటికీ వదల్లేదు. రెండోది ఆక్లాండ్ ఎఫ్‌సీ, 2024 అక్టోబర్‌లో మన ఊళ్ళోనే ఆట మొదలెట్టింది. పెద్దభార్య ఖండాంతరంలో, చిన్నభార్య పక్క వీధిలో అన్నమాట.

పెద్ద క్లబ్బును చూడటానికి బావ పడే పాట్లు చెప్పుకోవాలి. ఇంగ్లండ్‌లో శనివారం మధ్యాహ్నం మూడింటికి మొదలయ్యే ఆట ఆగస్టులో మనకు ఆదివారం తెల్లవారుజామున రెండింటికి వస్తుంది. తర్వాత రెండు దేశాలూ తమ గడియారాలను చెరో దిక్కుకీ తిప్పుకుంటాయి. నవంబర్ వచ్చేసరికి అదే ఆట నాలుగింటికి. సుప్రభాతానికి ఏనాడూ లేవని మనిషి, అయోధ్య నుంచి అక్షింతలొచ్చినా ఎనిమిది దాటాక కళ్ళకద్దుకున్న మనిషి, ఈ పూజకు మాత్రం అలారం కూడా లేకుండా లేస్తాడు. దేవుడు కూడా ప్రతిఫలం అలాగే ఇచ్చాడు. 2024-25 సీజన్లో మాంచెస్టర్ యునైటెడ్ 38 ఆటలాడి 42 పాయింట్లతో, ఇరవై జట్లలో పదిహేనో స్థానంలో నిలిచింది.

ఆ ఏడాదంతా ఆదివారం పొద్దున బావ వాకిట్లో కనబడితే స్కోరు అడగాల్సిన పని ఉండేది కాదు. ఎర్ర జెర్సీ తొడుక్కుని చెత్తడబ్బా బయట పెట్టడానికి వచ్చాడంటే గెలిచారని. పైన కోటు వేసి జిప్పు గొంతుదాకా లాక్కున్నాడంటే ఓడారని. డ్రా అయితే కోటు ఉండేది, జిప్పు సగం దిగి ఉండేది.

ఇది బావ ఒక్కడి జబ్బు కాదు. 1976లో రాబర్ట్ చాల్దీని అనే అమెరికన్ మనస్తత్వవేత్త, తోటి పరిశోధకులతో కలిసి ఏడు విశ్వవిద్యాలయాల్లో ఇదే లెక్క తీసి అచ్చేశాడు. తమ ఫుట్‌బాల్ జట్టు గెలిచిన వారాంతం తర్వాత సోమవారం విద్యార్థులు విశ్వవిద్యాలయం పేరున్న బట్టలు ఎక్కువగా వేసుకొచ్చారు. ఫోన్లో అడిగితే గెలిచిన ఆటను ‘మేం గెలిచాం’ అనీ, ఓడిన ఆటను ‘వాళ్ళు ఓడారు’ అనీ చెప్పే ధోరణి బయటపడింది. వాళ్ళది అమెరికన్ ఫుట్‌బాల్, చేత్తో పట్టుకుని పరిగెత్తేది. రోగం మాత్రం ఒకటే. పాపం చాల్దీని ఏడు చోట్ల తిరిగాడు. మా వీధికి వచ్చి బట్టలారేసే తీగ చూసుంటే ఒక్క ఆదివారంతో తేలిపోయేది.

ఇక చిన్న క్లబ్బు సంగతి. దానికి ముందు కొంచెం పాత చరిత్ర.

మౌంట్ రాస్కిల్ ఒకప్పుడు మహా నిష్ఠగల పేట. 1999లో జనం ఓటు వేసి ఒప్పుకునేదాకా ఇక్కడ మద్యం దుకాణం లేదు. అదే 1999లో ఆక్లాండ్‌కు మొదటి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ క్లబ్బు వచ్చింది, పేరు ఫుట్‌బాల్ కింగ్స్. ఓటమిని మరిచిపోయే ఏర్పాటు, ఓటమి ఒకే ఏడాది వచ్చాయన్నమాట. ఆ కింగ్స్ అయిదేళ్ళకు రాజ్యం పోగొట్టుకున్నారు. వాళ్ళ చోట న్యూజిలాండ్ నైట్స్ వచ్చారు. రాజులు పోయి యోధులు వచ్చారు కదా, దశ తిరుగుతుందనుకున్నారు. 2005-06లో ఆ యోధులు 21 ఆటలాడి ఒక్కటంటే ఒక్కటి గెలిచారు. మొత్తం ఆరు పాయింట్లు, ఆఖరి స్థానం. మరుసటి ఏడు కూడా ఆఖరే. 2007లో దుకాణం మూసేస్తే లీగులో వాళ్ళ చోటు వెల్లింగ్టన్‌కు పోయింది.

ఆ రోజుల్లో ఇక్కడే ఉన్న పాతకాపులను అడిగి చూశాను. నైట్స్ గురించి ‘మనం’ అన్నవాడు ఒక్కడూ తగల్లేదు. ‘ఏదో ఉండేదిలే, ఆల్బనీ వైపు ఆడేవారు’ అంటారు, దూరపు చుట్టాల విడాకుల గురించి చెప్పినట్టు.

2024 అక్టోబర్ 19న ఆక్లాండ్ ఎఫ్‌సీ మౌంట్ స్మార్ట్ మైదానంలో మొదటి ఆట ఆడింది. బ్రిస్బేన్ రోర్ మీద 2-0 గెలుపు. చూడటానికి 24 వేల మందికి పైగా వచ్చారు. ఆ రాత్రి బావ నాకు ఫోన్ చేసి అన్న మొదటి మాట, ‘చూశావా బామ్మర్దీ, మనం మొదలెట్టాం.’

మొదలెట్టిన మాట నిజమే. ఎలా మొదలెట్టామో కూడా చెప్పుకోవాలి. క్లబ్బు చరిత్రలో మొదటి గోలు మనవాడు కొట్టింది కాదు. బ్రిస్బేన్ డిఫెండరే పొరపాటున తన గోల్లోకి తానే కొట్టుకున్నాడు. అంటే ‘మనం’ కొట్టిన తొలి గోలు ‘వాళ్ళు’ కొట్టారు. సర్వనామానికి ఇంతకంటే మంచి బారసాల ఉండదు.

అలా మొదలుపెట్టి వరసగా ఆరు ఆటలు గెలిచారు. బావ నడక మారింది. ‘మన డిఫెన్స్’, ‘మన మిడ్‌ఫీల్డ్’, ‘మన వ్యూహం’. నేనొకసారి ఆ ‘మన’లో ఎవరెవరున్నారో లెక్కేశాను. యజమాని బిల్ ఫోలీ, అమెరికా. ఆయనకు ఇంగ్లండ్‌లో బోర్న్‌మత్ క్లబ్బు, లాస్ వేగస్‌లో ఐస్ హాకీ జట్టు కూడా ఉన్నాయి. కోచ్ స్టీవ్ కోరికా, ఆస్ట్రేలియా. కెప్టెన్ హిరోకి సకాయి, జపాన్. మిడ్‌ఫీల్డ్‌లో లూయి వెర్‌స్ట్రాటె, బెల్జియం. ఫెలిపె గయేగోస్, చిలీ. ముందువరసలో గియెర్మో మే, ఉరుగ్వే. నెయ్‌డెర్ మొరేనో, కొలంబియా. గోల్‌కీపర్ అలెక్స్ పాల్సెన్ అచ్చంగా ఆక్లాండ్ కుర్రాడు, అమ్మయ్య అనుకునేలోపు తెలిసింది, అతన్నీ బోర్న్‌మత్ నుంచి అరువు తెచ్చారని. ఇక్కడి కుర్రాళ్ళు ఇంకా ఉన్నారు, కాదనను. కానీ ఈ సంతలో బావ వంతు ‘మన’ ఎక్కడుందో ఎంత వెతికినా దొరకలేదు. ఊళ్ళో పెళ్ళికి ఎవరిదో హడావుడి అని మనవాళ్ళు సామెత ఊరికే పెట్టలేదు.

గెలుస్తున్నన్నాళ్ళు బావ ఊరుకోలేదు, ఆటగాళ్ళకు మార్కులు వేశాడు. తెలుగువాడికి మార్కులు లేని లోకం లోకమే కాదు. పేపర్ దిద్దే అయ్యవారు కాలేకపోయిన ప్రతి తండ్రిలోనూ ఒక ఎర్ర పెన్ను దాగి ఉంటుంది.

సకాయికి పదికి అయిదున్నర. మూడు ప్రపంచ కప్పుల్లో జపాన్ జట్టులో ఉన్నవాడు, మార్సేలో అయిదేళ్ళు ఆడినవాడు. బావ ఇచ్చిన కారణం, ‘పరుగు తగ్గింది.’ ఈ తీర్పు చెబుతూ బావ సోఫాకు ఆ చివర ఉన్న రిమోట్ అందించమని నన్ను లేపాడు.

పాల్సెన్‌కు తొమ్మిది. తర్వాత వారం మూడు. ఆ తర్వాత వారం మళ్ళీ తొమ్మిది. మధ్యలో పాల్సెన్‌లో వచ్చిన మార్పేమీ లేదు. బావ పక్కన కూర్చున్నవాళ్ళు మారారు, అంతే. మూడు మార్కులు పడ్డ రోజు వచ్చింది అక్క పుట్టింటివాళ్ళం, అంటే మేమే.

గియెర్మో మేకు మార్కులు పెండింగ్. ‘మే నెల రానీ, పేరుకు తగ్గట్టు ఆడతాడు’ అని.

కోచ్‌కు మార్కులుండవు, సలహాలుంటాయి. వెర్‌స్ట్రాటెను కాస్త వెనక్కి జరపాలి, ఎడమ వైపు నుంచి పైకి రావాలి, ఆఖరి ఇరవై నిమిషాలు ఇద్దరు ఫార్వర్డులు కావాలి. వంటింట్లోంచి మా అక్క ‘ఆ కందిపప్పు డబ్బా పైనుంచి దించి పెట్టండి’ అంటే మాత్రం బావ వ్యూహం స్తంభించిపోతుంది. ఆడలేక మద్దెల ఓడన్నవాడైనా మద్దెల దగ్గరిదాకా వెళ్ళాడు. మనవాడు మద్దెలను టీవీలో చూశాడు.

సీజన్ ముగిసేసరికి ఆక్లాండ్ 26 ఆటల్లో 15 గెలిచి, 8 డ్రా చేసి, 3 మాత్రమే ఓడి, 53 పాయింట్లతో పట్టికలో అందరికంటే పైన నిలిచింది. అడుగుపెట్టిన ఏడాదే ప్రీమియర్స్ ప్లేట్. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ జట్లు ఆడే ఈ ఏ-లీగ్‌లో అంతకుముందు 2012-13లో వెస్టర్న్ సిడ్నీ వాండరర్స్ ఇలాగే చేశారు, చేసి ఫైనల్లో ఓడారు. ఆ రెండో సగం బావకు ఎవరూ చెప్పలేదు. ఆ లీగులో పట్టికలో ఫస్టు రావడం వేరు, ఛాంపియన్ కావడం వేరు. దానికి మళ్ళీ నాకౌట్లు ఆడాలి. తెలుగువాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఇంటర్లో రాష్ట్రం ఫస్టు, ఎంసెట్‌లో గోవింద.

2025 మే నెలాఖరు వారం బావ చరిత్రలో చీకటి అధ్యాయం. గురువారం పొద్దున్న ఏడింటికి, ఆఫీసుకు ఆలస్యంగా వస్తానని చెప్పి, బిల్బావోలో జరుగుతున్న యూరోపా లీగ్ ఫైనల్ ముందు కూర్చున్నాడు. మాంచెస్టర్ యునైటెడ్ టాటెన్‌హామ్ చేతిలో 1-0 ఓడింది. ఇంగ్లండ్ లీగులో ఆ టాటెన్‌హామ్ చివరికి పదిహేడో స్థానంలో తేలింది. పదిహేనోవాడూ పదిహేడోవాడూ ఖండాంతర కప్పు కోసం కొట్టుకుంటే పదిహేడోవాడు గెలిచాడు. బావ ఒక్క మాటే అన్నాడు. ‘వీళ్ళింతే.’

రెండు రోజులాగి శనివారం, 24న, మౌంట్ స్మార్ట్‌లో మెల్‌బోర్న్ విక్టరీతో సెమీ ఫైనల్ రెండో ఆట. మొదటిది మెల్‌బోర్న్‌లోనే 1-0 గెలిచొచ్చారు. 29 వేలు దాటిన జనం. నేను మైదానంలో ఉన్నాను, బావ సోఫాలో. బావ మెసేజులు నా ఫోన్లో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. ఆట మొదలయ్యేముందు, ‘మనం ఫైనల్ ఆడుతున్నాం.’ విక్టరీ మొదటి గోలు కొట్టాక, ‘మనవాళ్ళకు కంగారెక్కువ.’ రెండోది పడ్డాక, ‘వాళ్ళకు డిఫెన్స్ అంటే తెలుసా అసలు?’ ఆఖరి ఈల తర్వాత, ‘వీళ్ళను నమ్ముకుంటే ఇంతే. మే నెలలో మే ఏం చేశాడు?’ ఒక్క సాయంత్రంలో ఒక మనిషి నాలుగు సర్వనామాలు దాటడం ప్రపంచ రికార్డేమో.

అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అంటారు. ఇది ఇంకో రకం. అందితే భుజం మీద చెయ్యి, అందకపోతే ‘ఎవరు వీళ్ళు?’

ఇంతవరకూ చెప్పింది డబ్బున్న క్లబ్బుల కథ. అసలు పరీక్ష నెల తిరక్కుండానే వచ్చింది, అదీ మాకు కరివేపాకు దొరికే పేట నుంచి.

మౌంట్ రాస్కిల్‌ను ఆనుకునే ఉంటుంది సాండ్రింగ్‌హామ్. దోసెల పిండి, గోంగూర, పండగ రోజు పూతరేకులు కావాలంటే మేం పోయేది అక్కడికే. ఆ దుకాణాలకు కారులో నాలుగు నిమిషాల్లో కివిటియా వీధి ఉంది. ఆ వీధిలో ఆక్లాండ్ సిటీ ఎఫ్‌సీ మైదానం. ఇది ఆక్లాండ్ ఎఫ్‌సీ కాదు, వేరే క్లబ్బు. 2004లో పుట్టింది. ఓషియానియా ఛాంపియన్స్ లీగ్ 13 సార్లు గెలిచింది. 2014లో మొరాకోలో క్లబ్ ప్రపంచ కప్పులో మూడో స్థానం తెచ్చింది. ఇంతా చేసి ఇది అమెచ్యూర్ క్లబ్బు. ఆటగాళ్ళకు పగలు వేరే ఉద్యోగాలుంటాయి. ఒకరు గోదాములో పనిచేస్తారు, ఒకరు కూల్‌డ్రింకుల కంపెనీలో సేల్స్ చూస్తారు, ఒకరు పిల్లలకు వ్యాయామం నేర్పే పంతులు కావడానికి శిక్షణలో ఉంటారు. సాయంత్రం దీపాల వెలుతురులో ప్రాక్టీసు.

2025 జూన్‌లో వీళ్ళు అమెరికాలో క్లబ్ ప్రపంచ కప్పు ఆడారు. సెలవు పెట్టుకుని, కొందరు జీతం వదులుకుని వెళ్ళారు. మొదటి ఆట సిన్సినాటీలో, బాయర్న్ మ్యూనిక్‌తో. మనకు సోమవారం తెల్లవారుజాము నాలుగు గంటలు. ఫలితం 10-0.

ఆ రోజు మధ్యాహ్నం బావ ఫోన్. ‘ఎవర్రా వాళ్ళు? సాండ్రింగ్‌హామ్ కుర్రాళ్ళట. ఉద్యోగాలు చేసుకునేవాళ్ళను ప్రపంచ కప్పుకు పంపడమేంటి, దేశం పరువు తీయడానికి కాకపోతే?’

రెండో ఆట బెన్‌ఫికాతో, 6-0. బావ ఫోన్ కూడా చెయ్యలేదు. ‘వాళ్ళు’ అనడానికైనా ఎంతో కొంత చుట్టరికం ఉండాలి.

మూడో ఆట నాష్‌విల్‌లో, బోకా జూనియర్స్‌తో. మారడోనా ఆడిన క్లబ్బు. మనకు బుధవారం పొద్దున ఏడు. మొదటి సగంలో ఒక గోలు తిన్నారు, అదీ ఓన్ గోలు. రెండో సగం మొదట్లో కార్నర్ కిక్ వచ్చింది. ఆ శిక్షణలో ఉన్న పంతులు క్రిస్టియన్ గ్రే గాల్లోకి లేచి తలతో కొట్టాడు. 1-1. ఆఖరిదాకా అంతే. బోకా వాళ్ళు ఇంటిదారి పట్టారు.

పదింటికి బావ మా ఇంటి ముందున్నాడు. తలుపు కొట్టలేదు, బాదాడు. ‘మనం బోకాను ఆపాం బామ్మర్దీ! మన కివిటియా! మన వీధి! పక్కనేరా, మనం కరివేపాకు కొనే చోట!’

తొమ్మిది రోజులు. సాండ్రింగ్‌హామ్ కుర్రాళ్ళు ‘ఎవర్రా వాళ్ళు’ నుంచి ‘మనం’ దాకా రావడానికి పట్టిన సమయం అంతే. అమ్మాయి పెళ్ళి చూపుల్లో కూడా మన పెద్దలు ఇంతకంటే ఎక్కువ ఆలోచిస్తారు. ఇందులో చమత్కారమేమిటంటే, ఆ మైదానం ఎలా ఉంటుందో బావకు అప్పటికీ తెలియదు. ఎన్నోసార్లు దాని పక్కనుంచే కారులో పోయాడు. లోపల ఏముందని ఎప్పుడూ చూడలేదు. కరివేపాకు వాడిపోతుందని.

ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి, వచ్చింది కూడా. ‘అభిమానమంటే అంతేగా. ప్రేమకు రసీదులడుగుతావా?’ అని మా అక్కే అడిగింది. అక్కకు చెప్పిన జవాబే మీకూ చెబుతాను. పెళ్ళి ఫొటోలో పెళ్ళికొడుకు భుజం మీద చెయ్యేసి నిలబడ్డవాణ్ణి చూసి ఎవరూ తప్పు పట్టరు. మర్నాడు పందిరి విప్పేటప్పుడు వాడెక్కడ అని మాత్రం అడుగుతారు. ‘మనం’ ఫొటోకు పనికొచ్చే మాట కాదు, పందిరి విప్పే మాట.

పందిరి వేసినవాళ్ళ కథ కివిటియా వీధిలోనే ఉంది. ఆక్లాండ్ సిటీకి ముందు అక్కడ ఉన్నది సెంట్రల్ యునైటెడ్. దాన్ని 1962లో పెట్టినవాళ్ళు క్రొయేషియా నుంచి వలస వచ్చినవాళ్ళు. మనలాగే పొట్ట చేతపట్టుకుని సముద్రాలు దాటి వచ్చినవాళ్ళే. ఆ క్లబ్బు నుంచి పుట్టిన జట్టే అరవై ఏళ్ళ తర్వాత బోకాను ఆపింది. వాళ్ళు ‘మనం’ అంటే ఎవరూ నవ్వరు. ఆ ‘మనం’లో అరవై ఏళ్ళ చెమట ఉంది. మనం కూడా ఇక్కడ సంఘాలు పెట్టుకున్నాం, బతుకమ్మ ఆడుతున్నాం, ఉగాదికి హాలు మాట్లాడుకుంటున్నాం. మంచిదే. ఒక్క పిల్లల ఫుట్‌బాల్ జట్టుకు శనివారం పొద్దున్న నారింజ ముక్కలు కోసి పంచడానికి మాత్రం మనిషి దొరకడు. తెల్లవారుజాము ఆట చూసి పడుకున్నాడు కదా.

మనకు ఫుట్‌బాల్ తెలియదని కాదు. హైదరాబాద్‌లో సయ్యద్ అబ్దుల్ రహీం అనే బడిపంతులుండేవాడు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన కోచింగులో భారత జట్టు 1951లోను, 1962లోను ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియా మీద ఫైనల్ గెలిచే నాటికే ఆయన్ను క్యాన్సర్ తినేస్తోంది. మరుసటేడు జూన్‌లో పోయాడు. ఊపిరి ఆడనివాడు మైదానం పక్కన నిలబడి ‘మనం’ అన్నాడు. మనం ఊపిరి పీల్చుకుంటూ సోఫాలో అంటున్నాం. బోకా మీద గోలు కొట్టింది పంతులు, జకార్తాలో గెలిపించింది పంతులు. మార్కులు వేసేది మాత్రం బావ.

కొత్త కాలం హైదరాబాద్ కథ ఇంకా చేదు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో హైదరాబాద్ ఎఫ్‌సీ కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. ఆ రాత్రి మౌంట్ రాస్కిల్‌లో కూడా ‘మన హైదరాబాద్!’ రెండేళ్ళు తిరక్కుండా డబ్బు కరువై ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. 2023-24లో జట్టు 22 ఆటల్లో ఒక్కటి గెలిచి, ఎనిమిది పాయింట్లతో ఆఖరున నిలిచింది. 2025లో క్లబ్బు మూట కట్టుకుని ఢిల్లీ వెళ్ళి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చుకుంది. బావను అడిగాను, ‘మన హైదరాబాద్ ఏమైంది బావా?’ అని. ‘అది ఇంకా ఉందా?’ అన్నాడు. లేదు. అదే నేనూ చెబుతున్నాను.

క్రికెట్లో ఈ రోగం రెండు పాస్‌పోర్టులతో తిరుగుతుంది. 2021లో న్యూజిలాండ్ ప్రపంచ టెస్ట్ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో భారత్‌ను ఓడిస్తే ఆఫీసులో ‘మనం గెలిచాం’. 2025 మార్చిలో దుబాయ్‌లో భారత్ న్యూజిలాండ్‌ను ఓడించి ఛాంపియన్స్ ట్రోఫీ ఎత్తితే ఇంట్లో ‘మనం గెలిచాం’. భారత రాజ్యాంగం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. సోఫా ఒప్పుకుంటుంది.

అసలైన ‘మనం’ ఎక్కడుందో చెప్పి ముగిస్తాను. మౌంట్ రాస్కిల్‌లో కీత్ హే పార్క్ ఉంది. అందులో కేమరన్ పూల్ ఉంది. మా తెలుగు కుటుంబాలు పిల్లల్ని ఈతకు తీసుకొచ్చి, అద్దాలెత్తుకుని కార్లో కూర్చుని, ఫోన్లో ఇంగ్లండ్ గోల్స్ ముఖ్యాంశాలు చూసుకునే చోటు అదే. అదే పార్కులో ఆక్లాండ్ యునైటెడ్ మైదానం ఉంది. 2020లో త్రీ కింగ్స్ యునైటెడ్, ఒనెహంగా స్పోర్ట్స్ కలిసి ఏర్పడిన క్లబ్బు. ఆ క్లబ్బు ఆడపిల్లలు 2024లో హోనియారా వెళ్ళి ఓషియానియా మహిళల ఛాంపియన్స్ లీగ్ గెలిచారు. మరుసటేడు మళ్ళీ గెలిచారు. 2025 అక్టోబర్‌లో ఫిఫా మొట్టమొదటి మహిళల ఛాంపియన్స్ కప్పు కోసం చైనాలో వుహాన్ దాకా వెళ్ళి, అక్కడి జట్టు చేతిలో ఓడి వచ్చారు. ఒక మహాసముద్రానికి ఛాంపియన్లు మన ఈతకొలను పక్కనే ఉన్నారు. వాళ్ళను బావ ‘మనం’ అనలేదు, ‘వాళ్ళు’ అనలేదు, ‘వీళ్ళు’ కూడా అనలేదు. వాళ్ళకింకా సర్వనామమే కేటాయించలేదు.

కాబట్టి నాదొక ప్రతిపాదన. ‘మనం’ అనే మాటకు లైసెన్సు పెట్టాలి. కారు నడపడానికి ఇక్కడ లెర్నర్, రిస్ట్రిక్టెడ్, ఫుల్ అని మూడు మెట్లున్నట్టే. టీవీలో చూసేవాడికి లెర్నర్: ‘వాళ్ళు గెలిచారు’ అనొచ్చు, ‘వాళ్ళు ఓడారు’ అనొచ్చు. మైదానానికి వెళ్ళి వానలో ఒక ఆట పూర్తిగా చూసినవాడికి రిస్ట్రిక్టెడ్: ‘మనవాళ్ళు’ దాకా అనుమతి, ఆటగాళ్ళకు మార్కులు వేయరాదు. జట్టు ఓడిన రోజు ఆఖరి ఈల దాకా ఉండి, కార్ పార్కు చేరేదాకా కూడా ‘మనం ఓడాం’ అనగలిగినవాడికి ఫుల్. అలాంటివాడు గెలిచిన రోజు ఏ మాటైనా వాడుకోవచ్చు, అడిగే నాథుడు లేడు.

ఈ పరీక్షలో నేను పాసయ్యానా అని మీరడుగుతారు. అయ్యుంటే ఈ వ్యాసం ఇంత గట్టిగా వచ్చేది కాదు. మే 24 రాత్రి మౌంట్ స్మార్ట్ నుంచి ఆ జనంలో తడుస్తూ నడిచొస్తుంటే మా అక్క ఫోన్ చేసింది. ‘ఏమైందిరా?’ అంది. జేబులో టికెట్ ఉంది, మెడలో నీలం నలుపు మఫ్లర్ ఉంది, అరిచి అరిచి గొంతు పోయి ఉంది. ‘వాళ్ళు ఓడిపోయారక్కా’ అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాకే మా బావ సోఫాకూ నాకూ మధ్య ఉన్న పది కిలోమీటర్లు ఎంత తక్కువో తెలిసింది.

అప్పటినుంచి శనివారాలు కీత్ హే పార్కుకు వెళ్తున్నాను. పిల్లవాడి ఈత అయ్యేలోపు ఒక సగమైనా చూస్తున్నాను. రెండు వారాల కిందట బావ కూడా వచ్చాడు, గొడుగేసుకుని. మనవాళ్ళు ఓడారు. బావ నోరు తెరిచాడు, నా మొహం చూశాడు, మూసుకున్నాడు. కారెక్కాక మెల్లగా అన్నాడు, ‘ఎడమ వైపు కాస్త బలహీనంగా ఉన్నాం.’

‘ఉన్నాం’ అన్నాడు, గమనించారా? రిస్ట్రిక్టెడ్ లైసెన్సు ఇచ్చేశాను. మీకూ కావాలంటే శనివారం రండి. గొడుగు తెచ్చుకోండి, మార్కుల పుస్తకం ఇంట్లో పెట్టి రండి.